లైట్‌హౌస్ స్టేషన్ పక్కన ఒక హోటల్ ఉండేది

 నా పోస్టు ఈసారి ఇంకొంచెం పొడుగు. కాఫీ పెట్టుకుని కూర్చోండి.

విషయం ముందే చెప్పేస్తాను. పోయిన నెల కమిటీ మీటింగులో మన ఆఫీసు గదికి వెల్ల వేయించే మాట వచ్చింది. దాంతోపాటే అటక మీద ఉన్న పాత పుస్తకాలు దించి పేపర్ కొట్టుకు వేసేద్దామన్న మాట కూడా వచ్చింది. మినిట్స్ పుస్తకాలు, లెక్కల పుస్తకాలు ఉంచుతారట. పోయేవి గెస్ట్ రూమ్ రిజిస్టర్లు. వెనకటికి మన సంఘానికి రెండు గదులు ఉండేవి కదా, ఊళ్ళ నుంచి ఆస్పత్రి పని మీద, ఇంటర్వ్యూల కోసం వచ్చే మనవాళ్ళకు ఇచ్చేవాళ్ళం. ఆ రిజిస్టర్లు.

నేను వద్దంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక హోటల్ గురించి చెప్పాలి. ఆ హోటల్ ఇప్పుడు లేదు. ఆ భవనం కూడా లేదు.

ఎమ్మార్టీయెస్ రైలు ఎక్కి లైట్‌హౌస్ స్టేషన్‌లో దిగండి. ప్లాట్‌ఫారం మీద నుంచి సముద్రం వైపు చూస్తే చెట్ల మధ్య క్వీన్ మేరీస్ కాలేజీ కనబడుతుంది. ముందు మెరీనా రోడ్డు, వెనక బకింగ్‌హామ్ కాలువ. ఆ కాంపౌండులో ఒకప్పుడు క్యాపర్ హౌస్ అనే పెద్ద బంగళా ఉండేది. కంపెనీ కాలంలో క్యాపర్ అనే సైనికాధికారి కట్టించుకున్న ఇల్లు, అందుకే ఆ పేరు. ఆ తీరంలో లేచిన మొదటి బంగళాల్లో అదొకటి. తర్వాతి రోజుల్లో అదే ఇల్లు క్యాపర్ హౌస్ హోటల్ అయింది.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. పాత మద్రాసు కాగితాల్లో క్యాపర్ పేరు ఒక్కరిది కాదు. జేమ్స్ క్యాపర్ అని ఇంకొక కర్నల్ ఉన్నాడు. కంపెనీ సైన్యం లెక్కలు చూసి, రిటైరయ్యాక గాలుల మీద, రుతుపవనాల మీద 1801లో పుస్తకం వేశాడు. ఇల్లు మాత్రం ఫ్రాన్సిస్ క్యాపర్‌ది అని నగర చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఇద్దరూ కర్నళ్ళే, ఇద్దరూ మద్రాసులో పనిచేసినవాళ్ళే. వెతికేవాడు తొందరపడితే ఒకరి ఇల్లు ఇంకొకరికి రాసిచ్చేస్తాడు.

ఆ కాలంలో తెల్లవాళ్ళు దిగడానికి మద్రాసులో కొన్ని హోటళ్ళు ఉండేవి. మౌంట్ రోడ్డు దుకాణాలు, ఆఫీసులు దగ్గరగా కావాలనుకున్నవాళ్ళు ఆ వైపు దిగేవాళ్ళు. 1886 నుంచి 1890 దాకా గవర్నరుగా ఉన్న లార్డ్ కన్నెమరా పేరు పెట్టుకున్న హోటల్ అక్కడిదే. అది ఇప్పటికీ నడుస్తోంది. సముద్రపు గాలి కావాలనుకున్నవాళ్ళకు క్యాపర్ హౌస్. ఆనాటి ప్రయాణికుల గైడ్ పుస్తకాల్లో మద్రాసు హోటళ్ళ వరుసలో దీని పేరు కూడా ఉంటుంది.

1914 జూలైలో ఆ హోటల్ ఇల్లే కాలేజీ అయింది. ఆడపిల్లల కోసం ప్రభుత్వం మద్రాసులో పెట్టిన మొదటి కాలేజీ. మొదట పేరు మద్రాస్ కాలేజ్ ఫర్ విమెన్. 1917లో క్వీన్ మేరీస్ అయింది. మొదటి ప్రిన్సిపాల్ డొరొతీ డిలాహే. మొదటి ఏడు చేరింది 37 మంది. ఈ 37 అంకె నాకు బాగా నచ్చుతుంది. ఒక సెకండ్ క్లాస్ బోగీలో సగం కూడా నిండని జనం. అక్కడ మొదలై తర్వాత మొక్కల శాస్త్రంలో పేరు తెచ్చుకున్న జానకీ అమ్మాళ్, నేతాజీ సైన్యంలో రాణీ ఝాన్సీ దళం నడిపిన కెప్టెన్ లక్ష్మి, ఇద్దరూ ఆ కాలేజీలో చదివారు. అతిథులు పడుకున్న ఇంట్లో ఆడపిల్లలు పాఠాలు చదివారు. ఒక హోటల్‌కు ఇంతకన్నా మంచి గతి ఏముంటుంది?

కాలేజీ పెరిగేకొద్దీ పక్కన కొత్త కట్టడాలు వచ్చాయి. 1915లో పెంట్లాండ్ హౌస్, అప్పటి గవర్నర్ పేరు. 1918లో స్టోన్ హౌస్. 1921లో జైపూర్ హౌస్. ఈ జైపూర్ రాజస్థాన్ జైపూర్ అనుకునేవాళ్ళు ఉన్నారు. ఇంగ్లీషు స్పెల్లింగు చూడండి, అది మన జయపురం సంస్థానం స్పెల్లింగు. ఆ రోజుల్లో విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఒడిశాలో ఉంది. కొత్తవలస కిరండూల్ లైన్లో కోరాపుట్ దాటాక వచ్చే స్టేషన్. రైల్వే గుమాస్తాకు ఈ రెండు ఊళ్ళ గొడవ బాగా తెలుసు. ఒక్క అక్షరం చూడకపోతే పార్సెల్ దేశం అవతలికి పోతుంది. చరిత్రలో కూడా అంతే.

ఇప్పుడు ఆ హోటల్ ముందున్న నీళ్ళ సంగతి. మనం ఈరోజు చూసే మెరీనా ఇసుక ఆ ఇల్లు కట్టిన రోజున లేదు. సముద్రం రోడ్డుకు ఎంతో దగ్గరగా ఉండేది. 1870ల్లో హార్బర్ గోడలు సముద్రంలోకి కట్టడం మొదలుపెట్టారు. మన తీరం వెంట నీటి ఒరవడి ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుకను మోసుకుపోతుంది. గోడ అడ్డం పడేసరికి ఇసుక దక్షిణం వైపు ఆగిపోయింది, మెరీనా పెరిగింది. ఉత్తరాన రాయపురం వైపు ఇసుక రాక ఒడ్డు కోసుకుపోయింది. ఒకవైపు లాభం, ఒకవైపు నష్టం. రాయపురంలో ఉన్న మన సభ్యులకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళు ఆ రాళ్ళ కట్టలు రోజూ చూస్తున్నారు. 1884లో గవర్నర్ గ్రాంట్ డఫ్ ఆ కొత్త ఇసుక పక్కన నడక దారి వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. అంటే ఆ ఇల్లు ఉన్నచోటే ఉంది, సముద్రం దానికి దూరం జరిగింది.

వెనకవైపు నీళ్ళ కథ ఇంకోలా ఉంటుంది, అందులో మనవాళ్ళకు పెద్ద వాటా ఉంది. బకింగ్‌హామ్ కాలువ 1806లో బేసిల్ కాక్రేన్ అనే దొర తవ్వించిన ఎన్నూరు కాలువతో మొదలైంది. తర్వాత మెల్లమెల్లగా పులికాట్, దుగరాజపట్నం, కృష్ణపట్నం దాటి పెదగంజాం దాకా పోయి కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. మద్రాసు నగరం లోపల కూవానికీ అడయారుకూ మధ్య ఉన్న ముక్క మాత్రం 1877, 78ల్లో తవ్వారు. అది ధాత కరువు కాలం. తిండి లేక వచ్చిన జనానికి పని చూపించి కూలి ఇచ్చి తవ్వించిన కాలువ అది. అప్పటి గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు దానికి పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎవరూ ఎక్కడా పెట్టలేదు.

ఆ కాలువ మీద పడవల్లో శ్రీహరికోట నుంచి కట్టెలు, నెల్లూరు వైపు నుంచి బియ్యం, ఉప్పు, సున్నం గుల్లలు మద్రాసు వచ్చేవి. ఈ నగరంలో ఎన్నో పొయ్యిలు మండింది శ్రీహరికోట కట్టెతోనే. రాకెట్లు రాకముందు ఆ ఊరు మద్రాసుకు తెలిసింది కట్టెల ఊరుగా. అందుచేత క్యాపర్ హౌస్ హోటల్ వెనక గోడ అవతల పడవల మీద వినిపించిన మాట తెలుగే అయ్యుంటుందని నేను అనుకుంటాను. ముందు వరండాలో దొరలకు సముద్రపు గాలి, వెనక కాలువలో గడవేసే మనిషి చెమట. రెండూ ఒక్క కాంపౌండుకు అటూ ఇటూ.

1966, 1976 తుఫానులతో కాలువ దెబ్బతింది. లారీలు ముందే సగం పని లాగేసుకున్నాయి. ఆ తర్వాత మా రైల్వే వచ్చింది. 1995లో బీచ్ నుంచి చెపాక్ దాకా, 1997లో మైలాపూర్ తిరుమయిలై దాకా ఎమ్మార్టీయెస్ నడిచింది. నగరంలో స్థలం దొరకదు కాబట్టి స్తంభాలు కాలువ వెంటే, చాలాచోట్ల కాలువలోనే దించారు. నేను రైల్వే ఉప్పు తిన్నవాణ్ణి, పెన్షన్ ఇప్పటికీ తింటున్నాను. ఆ రైలు వల్ల రోజూ ఎంతమందికి మేలో కూడా తెలుసు. అయినా కాలువను ఇరుకు చేసింది మనమే అన్న మాట చెప్పకుండా దాటెయ్యను. ఇప్పుడు ఆ నీళ్ళ పక్కన హోటల్ పెట్టాలని ఎవరికీ అనిపించదు.

ఇక ఆ ఇల్లు. 2003లో ప్రభుత్వం కాలేజీ ఉన్నచోట కొత్త సచివాలయం కట్టాలని అనుకుంది. విద్యార్థినులు కాంపౌండు వదలకుండా బైఠాయించారు. పాత విద్యార్థినులు, ముసలమ్మలు కూడా వచ్చి నిలబడ్డారు. ఆ ఆలోచన ఆగింది, కాలేజీ నిలిచింది. క్యాపర్ హౌస్ మాత్రం నిలవలేదు. పాతబడి, శిథిలమై, ఆఖరికి కూల్చేశారు. ఆ చోట కొత్త కట్టడం వచ్చింది.

సరే, ఇదంతా తెలుసుకోవడం ఎలా సాధ్యమైంది? అదే నా అసలు పాయింటు. హోటల్ పోయినా, ఆ హోటల్ గురించి ఇతరులు రాసుకున్న కాగితాలు మిగిలాయి. అసైలమ్ ప్రెస్ వాళ్ళు ఏటేటా వేసిన అల్మనాక్‌లు, గైడ్ పుస్తకాలు, కాలేజీ రికార్డులు, హిగ్గిన్‌బాథమ్స్ అమ్మిన పిక్చర్ పోస్టుకార్డుల్లాంటివి. ఎగ్మూరులో 1909 నుంచి రికార్డాఫీసు ఉంది, ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్ అంటున్నాం. దానికి కూతవేటు దూరంలో 1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీ. ఈ రెండు కట్టడాల వల్లే మద్రాసు గురించి మాట్లాడేవాడి నోట్లో నాలుగు నిజాలు ఉన్నాయి.

కానీ నేను చదివిన పుస్తకాల్లో దొరికే పేర్లు చూడండి. ఇల్లు కట్టిన కర్నల్ పేరు. కాలేజీ నడిపిన దొరసాని పేరు. గవర్నర్ల పేర్లు. మధ్యలో అన్నేళ్ళు అది హోటల్‌గా నడిచింది కదా, అక్కడ వంట చేసిన బట్లరు పేరేమిటి? స్నానానికి నీళ్ళు మోసినవాడు ఏ ఊరు? ఏ ఓడ దిగి ఎవరు వచ్చి ఎన్ని రోజులు ఉన్నారు? అలాంటివి రాసి ఉండేది హోటల్ రిజిస్టర్ ఒక్కటే. హోటల్ చేతులు మారిన రోజున మంచాలకు ధర కడతారు, గిన్నెలకు ధర కడతారు. రిజిస్టరుకు ఎవరు కడతారు?

మనవాళ్ళు ఆ హోటళ్ళలో దిగలేదు, దిగనిచ్చేవాళ్ళూ కాదు. మనకు సత్రాలు ఉండేవి. సెంట్రల్ ఎదురుగా రాజా సర్ రామస్వామి మొదలియార్ సత్రం ఇంకా అక్కడే ఉంది, చూసే ఉంటారు. తర్వాత ఉడుపి వాళ్ళు వచ్చారు. కె. కృష్ణారావు గారు గిన్నెలు కడిగిన చేతులతో పైకొచ్చి వుడ్‌లాండ్స్ పెట్టారు. మొదటి వుడ్‌లాండ్స్ రాయపేటలో రామనాడు రాజావారి బంగళాలో మొదలైంది. ఆ కాలపు హోటళ్ళన్నీ అందరివీ అని మురిసిపోనక్కర్లేదు. కూర్చునే చోట కులం చూసినవి ఉన్నాయి, గుమ్మం మీద బ్రాహ్మణాళ్ అని బోర్డు పెట్టుకున్నవి ఉన్నాయి. 1957లో ట్రిప్లికేన్‌లో అలాంటి బోర్డు మీద పెరియార్ మనుషులు రోజుల తరబడి ఆందోళన చేసి జైలుకు పోయారు. హోటల్ చరిత్ర అంటే రుచుల జ్ఞాపకం ఒక్కటే కాదు. ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపారు అనే లెక్క కూడా. ఆ లెక్క ఎక్కడైనా తేలుతుందంటే రిజిస్టర్లలోనే తేలుతుంది.

మన కళ్ళ ముందే ఎన్ని పోయాయో చూడండి. 1900లో తెరిచిన మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఇప్పుడు ఆ చోట మా సబర్బన్ స్టేషన్. కెథీడ్రల్ రోడ్డులో 1962 నుంచి నడిచిన వుడ్‌లాండ్స్ డ్రైవిన్ 2008లో మూసేశారు, అది సెమ్మొళి పూంగా అయింది. పూనమల్లి హైరోడ్డులో దాసప్రకాశ్ హోటల్ లేదు, దాసప్రకాశ్ బస్ స్టాపు ఉంది. కండక్టరు ఆ పేరు అరిస్తే దిగే కుర్రాళ్ళకు అది ఒక హోటల్ పేరని తెలియదు. అడయారు నది పేరు పెట్టుకుని వచ్చిన టీటీకే రోడ్డు పెద్ద హోటల్, అడయార్ గేట్ అని మొదలై పార్క్ షెరటన్ అని పేరు మారి, ఇంకా మారి, 2023 డిసెంబరులో మూతపడింది. దాని గురించి పేపర్లు రాశాయి, ఫోటోలు వేశాయి. పెద్ద హోటల్ కాబట్టి రాశారు. మన రెండు గదుల గురించి ఎవరు రాస్తారు?

ఇప్పుడు ఆ రిజిస్టర్ల దగ్గరికి వస్తాను. వెల్ల వేసే మాట రాగానే నేను ఒక ఆదివారం పోయి, నిచ్చెన వేసుకుని, మూడు పుస్తకాలు దించి చూశాను. మామూలు నీలిగీతల పెద్ద నోటు పుస్తకాలే. తేదీ, పేరు, ఊరు, ఏ పని మీద, ఎంతమంది వచ్చారు, ఎంతమంది వెళ్ళారు, ఇచ్చిన డబ్బు. కొన్ని పేజీలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో, మన పాత వాచ్‌మన్ రాసిన రోజుల్లో తమిళంలో. కావలి, గూడూరు, శ్రీకాళహస్తి, మార్కాపురం, పుత్తూరు. పని అన్నచోట ఎక్కువగా మూడే మాటలు: జనరల్ ఆస్పత్రి, ఎగ్మూరు ఆస్పత్రి, అడయార్ క్యాన్సర్.

ఒక వరుస దగ్గర నేను ఆగిపోయాను. అడయార్ క్యాన్సర్ అని ఉంది. వచ్చినవారు 2. నలభై ఒక్క రోజులు. వెళ్ళినవారు 1. డబ్బు అన్న గడిలో ఒక అడ్డగీత. ఎవరో డబ్బు తీసుకోలేదు. తీసుకోవద్దని ఎవరు చెప్పారో, ఆ ఒక్కరినీ సెంట్రల్‌లో ఎవరు రైలెక్కించారో మినిట్స్ పుస్తకంలో దొరకదు. మినిట్స్‌లో ఉగాది సంబరాలు, సన్మానాలు, పూలదండ ఖర్చు ఉంటాయి. మన సంఘం చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ఆ అడ్డగీతలో ఉంది. ఆ పుస్తకాన్నే మనం కిలో లెక్కన అమ్మాలనుకుంటున్నాం.

మీటింగులో వచ్చిన అభ్యంతరాలు నేను కొట్టిపారెయ్యను, ఒక్కొక్కటే తీసుకుంటాను.

చోటు లేదన్నారు. నిజమే. కానీ ఆ పుస్తకాలన్నీ కలిపి రెండు ట్రంకు పెట్టెలు. షామియానా కంబాలు, పాత ఫ్లెక్సీ బ్యానర్లు అంతకన్నా ఎక్కువ చోటు తింటున్నాయి. అయిపోయిన పండగ ఫ్లెక్సీ దాచిపెట్టి, అయిపోయిన మనుషుల పేర్లు పారేయడం ఏం పద్ధతి?

చెదలు పడుతుందన్నారు. అదీ నిజమే. ఎండలో ఒక పూట పెట్టి, దులిపి, వేపాకు వేసి, నేలకు ఆనకుండా ఇనుప బీరువాలో పెడితే సరి. మా ఆఫీసులో యాభై ఏళ్ళ సర్వీసు రిజిస్టర్లు అలాగే బతికాయి.

ఎవరు చదువుతారన్నారు. క్యాపర్ హౌస్ రిజిస్టర్ పారేసిన మనిషి కూడా ఇదే అనుకుని ఉంటాడు. చదివేవాడు ఎప్పుడు పుడతాడో రాసేవాడికి తెలియదు. రేపు ఎవరో పిల్ల ఆంధ్రా పల్లెల నుంచి మద్రాసు ఆస్పత్రులకు జనం ఎలా వచ్చారు అని పరిశోధన చేస్తానంటే, ప్రభుత్వ ఆస్పత్రి లెక్కల్లో రోగి సంగతి ఉంటుంది. తోడు వచ్చిన మనిషి ఎక్కడ పడుకున్నాడో ఉండదు. అది మన దగ్గర ఉంది.

ఒక మిత్రుడు ఇంకో మాట అన్నాడు, అది గట్టి మాట. అందులో జబ్బుల సంగతులు ఉన్నాయి, ఊళ్ళు పేర్లు ఉన్నాయి, బయటికి వస్తే ఆ కుటుంబాలకు బాగుండదు కదా అన్నాడు. పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే ఆ పేజీల ఫోటోలు ఎవరూ ఈ గ్రూపులో పెట్టవద్దు. నేను కూడా పెట్టలేదు, పేరు చెప్పలేదు. కానీ గుట్టు కాపాడాలంటే తాళం వేసి ఉంచాలి. పేపర్ కొట్టుకు వేస్తే గుట్టు ఎక్కడ నిలుస్తుంది? ఆ పేజీలోనే రేపు బజ్జీల పొట్లం కట్టి ఇస్తారు.

మా రైల్వేలో పాత కాగితాలు చించరా అని అడగవచ్చు. చించుతారు. కాని దానికొక పద్ధతి ఉంది. ఏ రిజిస్టర్ ఎన్నేళ్ళు ఉంచాలో ముందే రాసి ఉంటుంది. గడువు దాటాక జాబితా రాసి, పై అధికారి సంతకం పెట్టాకే పోతుంది. పుస్తకం పోయినా జాబితా మిగులుతుంది. అంటే పారేయడానికి కూడా ఒక లెక్క ఉండాలి. వెల్ల వేసే కుర్రాడు వచ్చి ఏది చేతికందితే అది గోనెసంచిలో వేసుకుపోవడం లెక్క కాదు.

ఇంకొక సంగతి, కొంచెం నొప్పి కలిగించవచ్చు. మనం ప్రతి సభలో మద్రాసుతో తెలుగువారి బంధం గురించి గొప్పగా మాట్లాడతాం. మద్రాసు మనదే అన్న నినాదం విన్న చివరి తరం పెద్దలు ఇంకా ఇద్దరు ముగ్గురు మనలో ఉన్నారు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో 58 రోజుల దీక్షతో ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు తమిళనాట ఉండిపోయింది. మనం ఇక్కడ ఉండిపోయాం. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ నేర్పింది, చదవడం ఈ ఊళ్ళోనే అచ్చయిన చందమామ నేర్పింది. నాకు ఈ ఊరి మీద హక్కు ఎవరూ పట్టా రాసి ఇవ్వలేదు, అక్కర్లేదు కూడా. కానీ మేమూ ఇక్కడ ఉన్నాం, ఇలా బతికాం అని చెప్పడానికి మైకు చాలదు. కాగితం కావాలి. ఊరు ఎవరిదన్న వాదన ఎప్పుడో ముగిసింది. ఊళ్ళో ఎవరెవరు ఉన్నారన్న లెక్క ఇంకా ఎవరూ పూర్తిగా రాయలేదు.

తమిళ మిత్రులు ఈ విషయంలో మనకు శత్రువులు కారు. ఈ నగరం పాత కథలు వెతికి రాసినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. మన రిజిస్టర్లలో తమిళంలో రాసిన పేజీలు ఉన్నాయని చెప్పాను కదా. కావలి నుంచి వచ్చిన మనిషి పేరును ఒక తమిళ వాచ్‌మన్ తన అక్షరాల్లో శ్రద్ధగా రాశాడు. నెల్లూరు యాస విని రాసినట్టు ఊళ్ళ పేర్లు కూడా అలాగే పడ్డాయి. ఈ ఊళ్ళో మన బతుకు ఎలా గడిచిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పేజీ నాకు కనబడలేదు.

అందుకని నా విన్నపాలు ఇవి. కమిటీ ముందు రాతపూర్వకంగా కూడా పెడతాను.

ఒకటి, గెస్ట్ రూమ్ రిజిస్టర్లు ఒక్కటి కూడా బయటికి పోకూడదు. వెల్ల వేసినన్నాళ్ళు మా ఇంట్లో పెట్టుకుంటాను, రసీదు రాసి ఇస్తాను.

రెండు, ఏ పుస్తకం ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎన్ని పేజీలు, ఏ భాషలో అని ఒక జాబితా రాద్దాం. మన కాలేజీ పిల్లలు ఇద్దరు వస్తే రెండు ఆదివారాల పని. వాళ్ళకు టిఫిన్ నా ఖర్చు. ఊరు, నెల, పని అన్న మూడు గడులు మాత్రం కంప్యూటర్లో ఎక్కిద్దాం. పేర్లు ఎక్కించవద్దు.

మూడు, ఈ ఏడు సావనీర్‌లో ప్రకటనల మధ్య ఎనిమిది పేజీలు వదిలిపెట్టండి. ప్రతి సభ్య కుటుంబం ఒక్క ప్రశ్నకు జవాబు రాసి ఇవ్వాలి: మీ ఇంట్లో మద్రాసుకు మొదట వచ్చిన మనిషి ఎవరు, మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు? సత్రమా, చుట్టాల ఇంటి వరండానా, సెంట్రల్ ప్లాట్‌ఫారమా, హోటల్లో పనికి చేరి అక్కడి పిండి రుబ్బే గదిలోనా, స్టూడియో గేటు దగ్గరా? నాలుగు వాక్యాలు చాలు. భాష గురించి సిగ్గుపడకండి. తెలుగు రాయడం రానివాళ్ళు తమిళంలో రాయండి, రాయలేనివాళ్ళు వాయిస్ పంపండి, నేను కూర్చుని రాస్తాను. సర్వీసంతా నేను చేసింది ఆ పనే కదా, ఒకరు చెప్పింది గడుల్లో రాయడం.

నాలుగు, ఎనభై దాటిన పెద్దల దగ్గరికి ముందు పోదాం. ఈ రెండేళ్ళలో మనం ఎంతమందికి సంతాప తీర్మానం చేశామో మినిట్స్ చూస్తే తెలుస్తుంది. ఒక్కో తీర్మానంతో ఒక్కో మొదటి రాత్రి పోయింది.

వెల్ల పని వచ్చే నెల మొదటి వారం అంటున్నారు. కమిటీ మీటింగు అంతకు ముందు ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు. ఓటు ఉన్నవాళ్ళు దయచేసి రండి. ఇంకో రకంగా అనుకునేవాళ్ళు కూడా రండి, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. రాలేనివాళ్ళు ఈ పోస్టు కింద మీ ఊరి పేరు, మీ ఇంట్లో మొదట వచ్చినవారి చుట్టరికం రాయండి. తాతగారా, మేనమామా, అత్తగారా, ఏదైనా సరే. జాబితా ఇక్కడి నుంచే మొదలుపెడదాం.